అదనపు గంట

మా బడిలో ప్రతి యూనిట్ టెస్టు అయ్యాక పిల్లలు కూర్చునే చోట్లు మారుతాయి. మార్కుల వరుసే బెంచీల వరుస. మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల మొదటి బెంచీలో, బోర్డుకు ఎదురుగా కూర్చుంటుంది. ఆఖరి ర్యాంకు పిల్లకు ఆఖరి బెంచీ, తలుపు పక్కన. ఆ తలుపు పొద్దంతా తీసే ఉంటుంది. బయట వరండా, వరండా అవతల రోడ్డు, రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు. ఎవరి చూపు తొందరగా చెదురుతుందో వాళ్ళను ఏరికోరి తెచ్చి టిప్పర్ల ఎదుట కూర్చోబెట్టి, బోర్డు చూడవేమని అడిగే ఈ ఏర్పాటు ఎవరికి తట్టిందో గాని, ఆ మహానుభావుడికి దండం పెట్టాలి. పన్నెండేళ్ళు నేనూ ఈ పద్ధతికి తల ఊపాను.

నేను నస్పూర్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా దగ్గర చదివే వాళ్ళలో ఎక్కువ మంది బొగ్గుబాయి కార్మికుల పిల్లలు. నేను కూడా బాయి పని చేసిన మనిషి బిడ్డనే. అందుకని ఈ ఇళ్ళ సంగతులు నాకు తెలుసని ఒక ధీమా ఉండేది. ఆ ధీమా ఎంత పనికిమాలినదో తర్వాత చెబుతాను.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతిలో మా బడికి వచ్చింది. వచ్చిన నెలకే ఆఖరి బెంచీ చేరింది, ఇక అక్కడి నుంచి కదలలేదు. బెంచీ మారలేదు గాని, బెంచీ మీద ఆమె ఉన్నదీ తక్కువే. పెన్ను విప్పి స్ప్రింగు చూసేది. ముందు పిల్ల జడ రిబ్బను ఊడితే లేచి కట్టి వచ్చేది. నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేసేది, అది సగంసార్లు సరైన జవాబే. పద్యం ఒకసారి వింటే చాలు, భావం నా కంటే బాగా చెప్పేది. అదే పిల్ల పరీక్షలో రెండో పేజీ దాకా రాసి పేపరు ఇచ్చేది. మిగతా ప్రశ్నలు ఎందుకు రాయలేదంటే, పేజీ తిప్పితే ఇంకా ఉన్నాయని మరిచిపోయానంది. నేను నమ్మలేదు. పేజీ తిప్పడం ఎవరైనా మరిచిపోతారా? డైరీలో ఎర్ర సిరాతో రాశాను: ధ్యాస లేదు, కుదురు లేదు, తల్లిదండ్రులు శ్రద్ధ తీసుకోవాలి. ఆ మూడు ముక్కలు ఏడాది పొడుగునా ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. సుద్దముక్క విసిరిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఎవరి మీదనో కోపంగా రాస్తున్నానని అనుకోకండి. మొదటి కోపం నా మీదే.

ఆ ఏడాది చివరన మంచిర్యాలలో టీచర్లకు ఒక రోజు శిక్షణ పెట్టారు. బడి నుంచి ఎవరో ఒకరు పోవాలి కాబట్టి నన్ను పంపారు. నేను భోజనం వేళ దాకా ఉండి వచ్చేద్దామని పోయాను. కరీంనగర్ పెద్ద దవాఖాన నుంచి వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ మాట్లాడింది. కొంతమంది పిల్లల మెదడు ధ్యాసను ఒకచోట నిలిపి ఉంచలేదని, ఒళ్ళు ఒకచోట ఆగదని, మాట నోట్లో ఆగదని, అది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదని చెప్పింది. దాన్ని ఏడీహెచ్‌డీ అంటారట. బలవంతాన కూర్చోబెడితే వాళ్ళ శక్తి అంతా కూర్చోవడానికే అయిపోతుంది, పాఠానికి ఏం మిగలదు అంది. చాలా పెద్ద ప్రశ్నాపత్రం ఇస్తే మధ్యలో జారిపోతారు, పేజీ తిప్పడం కూడా మరిచిపోతారు అంది. ఆ మాట దగ్గర నా చెవులు వేడెక్కాయి. భోజనం చేయలేదు. ఆవిడ కారు ఎక్కేదాకా వెంటపడి ప్రశ్నలు అడిగాను.

వేసవి సెలవులు అయ్యాక, ఆమె పదోతరగతికి వచ్చాక, నా పీరియడ్‌లో ఆమెను మొదటి బెంచీకి తెచ్చాను. పెద్ద ప్రశ్నను నాలుగు చీటీలు చేసి ఒక్కొక్కటీ ఇచ్చాను. మొదటి చీటీ అయ్యాకే రెండోది. మధ్యలో లేవాలనిపిస్తే నోట్సులు పంచమనేదాన్ని, బోర్డు తుడవమనేదాన్ని. కిటికీ గూటి మీద పుస్తకం పెట్టుకుని నిలబడి చదువుతానంటే సరే అన్నాను. ధ్యాస తప్పినప్పుడు పేరు పెట్టి అరవకుండా బెంచీ మీద వేలితో తట్టి ముందుకు పోయేదాన్ని. ఇందులో మంత్రాలేం లేవు, ఖర్చూ లేదు. కొన్ని రోజులు ఇవేవీ పనిచేసేవి కావు, నాకూ ఓపిక అయిపోయేది. కాని దసరా ముందు పరీక్షలో మొదటిసారి నాలుగు పేజీలూ రాసింది.

ఇక చూడండి మా స్టాఫ్‌రూమ్. "మేడం గారాబం జేస్తుండ్రు" అని ఒకరు. "రేపు అందరు నిలబడి రాస్తమంటే ఏం జేస్తరు?" అని ఇంకొకరు. నిలబడి రాస్తే వచ్చే నష్టమేమిటో ఎవరూ చెప్పలేదు. ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచి, ర్యాంకుల ప్రకారమే సీట్లు, మీ పీరియడ్ వరకైతే మీ ఇష్టం అన్నాడు. అంటే నా నలభై ఐదు నిమిషాలు ఆమె మొదటి బెంచీలో మనిషి. గంట కొట్టగానే సంచి సర్దుకుని, క్లాసంతా చూస్తుండగా, మళ్ళీ తలుపు దగ్గరికి నడవాలి. రోజూ. లెక్కల సారు లోపలికి వస్తూ "నడువు నీ గద్దె మీదికి" అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, అదే నాకు మరీ మండేది.

హాఫియర్లీలో మూడు సబ్జెక్టులు పోయాయి. తండ్రిని పిలిపించారు. ప్రిన్సిపాల్ సారు ఒక కాయితం ముందు పెట్టి, పిల్లను ఓపెన్ స్కూల్లో రాయిద్దాం, అక్కడ తేలిగ్గా ఉంటుంది, సంతకం పెట్టండి అన్నాడు. తేలిక ఎవరికో నాకు తెలుసు. పదోతరగతిలో ఒక్కరు తప్పినా నూటికి నూరు శాతం అని గోడ మీద ఫ్లెక్సీ కట్టలేరు. ఏడాది ఫీజు తీసుకున్న పిల్లను, పరీక్షకు నాలుగు నెలల ముందు లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది. నేను అడ్డుపడ్డాను. డాక్టరు పరీక్ష చేసి రాసిస్తే, విద్యాశాఖకు దరఖాస్తు పెట్టుకుంటే ఆ అమ్మాయికి పరీక్షలో ఒక గంట ఎక్కువ అడగవచ్చు, ఆ గంట దొరికితే మన బడి నుంచే రాసి పాసవుతుంది అన్నాను. సారు నా వైపు చూడకుండా, నెల రోజుల్లో ఆ కాయితం తెస్తే చూద్దాం, లేకపోతే సంతకమే అన్నాడు.

ఆ సాయంత్రమే శ్రీరాంపూర్ కాలనీలో వాళ్ళ క్వార్టర్‌కు పోయాను. తండ్రి ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల్లి చాయ్ ఇచ్చింది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. కరీంనగర్ దవాఖానకు పోదాం, డాక్టర్ కాయితం తీసుకుందాం అనగానే ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"గా కాయితంల ఏం రాస్తరు మేడం?"

"ధ్యాస నిలవని బీమారి ఉన్నదని రాస్తరన్నా. దానికో పేరున్నది."

"వద్దు మేడం. మీరు మంచికే చెప్తుండ్రు. కని నాకిది ఒక్కతే బిడ్డ. రేపు నా నౌకరి దీనికే రావాలె. ఇయ్యాల డాక్టర్ కాయితం మీద మెదడు బీమారి అని ఎక్కితే, రేపు కంపెనీ డాక్టర్లు దీన్ని అన్‌ఫిట్ అనరా?"

బొగ్గుబాయి ఇళ్ళలో ఆ మాట ఎంత బరువో బయటివాళ్ళకు తెలియదు. పని చేయలేనంత జబ్బు పడిన కార్మికుణ్ణి డాక్టర్లు అన్‌ఫిట్ చేస్తే, ఆయన నౌకరి పిల్లల్లో ఒకరికి రావచ్చు. కాని ఆ పిల్ల మాత్రం డాక్టర్ల ముందు ఫిట్ అనిపించుకోవాలి. మా బాపు అన్‌ఫిట్ అయిన ఏడాది మా ఇంట్లో మా అన్నకు జ్వరం వచ్చినా మా అవ్వ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనిచ్చేది కాదు. నౌకరి చేతికి వచ్చేదాకా దవాఖాన చీటీలన్నీ చింపి పొయ్యిలో వేసింది. అంత దగ్గరగా చూసిన దాన్ని, ఆ మనిషి భయం ఒక్క క్షణంలో అర్థం కావాలి. కాలేదు. నాకు బడి మీద ఉన్న కోపమంతా ఆయన మీదికి మళ్ళింది.

"నీ నౌకరి కోసం పిల్ల సదువు ఆగం చేస్తవా అన్నా?" అన్నాను.

ఆయన లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి నడక అది. పన్నెండేళ్ళ సర్వీసున్న టీచర్ను, ఒక తండ్రితో ఎలా మాట్లాడాలో తెలియక పిల్ల ముందు ఆయన్ను తలవంచుకునేలా చేశాను. పిల్ల లోపలి గది గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

తల్లి రోడ్డు దాకా వచ్చింది. "ఆయన పరేషాన్ల ఉన్నడు మేడం. జర రెండు దినాలు ఆగుండ్రి. నేను తోలుకొస్త" అంది. వారం తర్వాత ఫోను చేసి, వస్తాడట కాని గా కాయితం ఏడికి పోతదో డాక్టర్నే అడుగుతడట అని చెప్పింది. ఆ షరతు న్యాయమైనదే. నిజానికి ఆ ప్రశ్నకు నాకూ జవాబు తెలియదు.

ఆయన వీక్లీ ఆఫ్ రోజున పొద్దున బస్సుకు నలుగురం కరీంనగర్ పోయాం. శిక్షణలో మాట్లాడిన డాక్టరమ్మే ఉంది. అమ్మాయితో చాలాసేపు మాట్లాడింది, బొమ్మలు చూపించింది, రాయించింది, ఆమె తరగతిలో ఎలా ఉంటుందో నేను నింపి తెచ్చిన ఫారం చదివింది. తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగి, "ఇంట్ల ఇంకెవరికన్నా చిన్నప్పటి నుంచి ఇట్లనే ఉన్నదా?" అని అడిగింది. తండ్రి లేదన్నాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉన్నడు మేడం. గీయననే."

డాక్టరమ్మ చెప్పమంది. ఇక తల్లి ఆపలేదు. సైకిల్ తాళం రోజూ వెతకాలి. రెండు దినాలకోసారి టిఫిన్ డబ్బా బాయి దగ్గరనే మరిచివస్తడు. పెండ్లిల కూసున్నా నిమిషం కూసోడు, వంట దగ్గరికి పోయి గిన్నెలు మోస్తడు. చెప్పేది సగం విని పోతడు. ఆమె చెప్తుంటే అమ్మాయి పకపకా నవ్వింది. ఆయన మొదట చిరాకు పడ్డాడు, తర్వాత నేల చూపులు చూస్తూ తనే చెప్పాడు.

"ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టిన మేడం. సారు రోజు కొట్టేది. గోడకుర్చీ ఏపిచ్చేది. ఎందుకు కొడ్తుండో నాకు సమజ్ కాకపోయేది. నేను కావాలని చేసింది ఏం లేకుండె." తలెత్తి డాక్టరమ్మను అడిగాడు, "అంటే నాకు గూడ గిదేనా?"

"కావచ్చు. పరీక్ష చేస్తేనే చెప్పగలను."

"మరి నేను ఫిట్టే కద మేడం. ఇరవై రెండేండ్ల సంది బాయిల దిగుతున్న."

ఆ మాట ఆయన డాక్టరమ్మతో అన్నాడో, తనతో తను అనుకున్నాడో తెలియదు. నేను క్వార్టర్‌లో గొంతు చించుకున్నా చెప్పలేకపోయిన సంగతి ఆయనకు ఆయనే చెప్పుకున్నాడు. డాక్టరమ్మ కాయితం సంగతి వివరించింది. ఇది పరీక్షలో సాయం కోసం బడికీ విద్యాశాఖకూ పోతుంది, దవాఖాన దీన్ని ఏ కంపెనీకీ పంపదు, రేపు నౌకరి ఇచ్చే డాక్టర్లు ఏమంటారో నేను మాట ఇవ్వలేను అంది. ఆవిడ మాట ఇవ్వకపోవడమే ఆయనకు నచ్చినట్టుంది. సంతకం పెట్టాడు. మందులు మొదలుపెట్టారు, నెలకోసారి రమ్మన్నారు.

ప్రిన్సిపాల్ సారు ఆ కాయితం అటూ ఇటూ తిప్పి, చూడ్డానికి పిల్ల మంచిగనే ఉంది కదా, ఇది నిజమేనా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తండ్రి మాట్లాడాడు. "సార్, బాయిల కొత్తగ దిగినోనికి పని సమజ్ కాకుంటే ఇంటికి పంపరు. పక్కకు ఒక పాత మనిషిని జోడు పెడ్తరు. మీ బడిల గట్ల లేదా?" సారు ఫైలు తెరిచి దరఖాస్తు మీద ముద్ర వేశాడు. ఫిబ్రవరి ఆఖరికి అనుమతి వచ్చింది. గంట ఎక్కువ. ఆమె ఆ కాయితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని క్లాసులో అందరికీ చూపించింది.

మొదటి పరీక్ష తెలుగు, నా సబ్జెక్టు. తొమ్మిదిన్నరకు మొదలై పన్నెండున్నరకు అయిపోతుంది. ఆమెకు ఒకటిన్నర దాకా. నేను సగం రోజు సెలవు పెట్టి సెంటర్ గేటు దగ్గర నిలబడ్డాను. తండ్రి రాత్రి షిఫ్టు దిగి నిద్రపోకుండా వచ్చాడు. పన్నెండున్నరకు గంట కొట్టారు, పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. ఆ గుంపులో ఆమె కూడా ఉంది.

నేను ఎదురు పోయాను. "ఎందుకొచ్చినవ్? ఒకటిన్నర దాకా ఉన్నదని నిన్న పదిసార్లు చెప్పలేదా? నీ ధ్యాస ఎటుంది?" అన్నాను. అందరి ముందు, గట్టిగానే అన్నాను.

ఆమె నన్ను అదోలా చూసింది. "ధ్యాస పేపర్ మీదనే ఉండె మేడం. ఆఖరి రెండు ప్రశ్నలు రాస్తున్న. సారు వచ్చి పేపర్ గుంజుకున్నడు. నాకు టైమున్నది సార్ అని చెప్పిన. రెండుసార్లు చెప్పిన. సారు ఇనలే."

తిట్టు తిరిగి మింగడానికి లేదు. ఆమె చెయ్యి పట్టుకుని, తప్పు నాదే బిడ్డా అన్నాను. తండ్రి అప్పటికే గేటు దగ్గరికి నడుస్తున్నాడు. కానిస్టేబుల్ ఆపితే నేను అనుమతి కాయితం నకలు చూపించాను.

చెప్పేస్తాను, ఆ రోజు ఏం లాభం లేకపోయింది. హాలు దాటి బయటికి వచ్చిన పిల్లను మళ్ళీ కూర్చోబెట్టడానికి రూల్ లేదన్నారు. మిగతా పరీక్షలన్నిటికీ ఆ గంట దొరికింది, ఆమె ప్రతి నిమిషం వాడుకుంది. అన్నీ పాసైంది. అన్నిటికన్నా తక్కువ మార్కులు తెలుగులో వచ్చాయి, ఒకసారి వింటే పద్యం భావం చెప్పే ఆ పిల్లకు.

ఆ రోజు ఆఫీసు గదిలో, సెంటర్ నడిపే పెద్దసారు ఫైలు తెరిచి చూశాడు. అనుమతి కాయితం పైనే ఉంది. ఇన్విజిలేటర్‌ను పిలిపించి అడిగాడు.

"పొద్దుగాల నీకు చెప్పిన కదా, గా పిల్లకు గంట ఎక్కువున్నదని?"

"చెప్పిండ్రు సార్. పేపర్లు తీసుకునే హడావుడిల మర్చిపోయిన. పిల్ల ఏదో అన్నది, నేను మంచిగ ఇనలే."

పెద్దసారు ఫైలు మూసి మా వైపు తిరిగాడు. "ఏం జేస్తం మేడం. మనిషన్నంక మర్చిపోతడు" అన్నాడు.

అమ్మాయి నా పక్కనే ఉంది. బడిలో చేరినప్పటి నుంచి ఆమె మరిచిపోయిన పుస్తకాలు, తిప్పని పేజీలు, వినని మాటలు అన్నీ ఎర్ర సిరాలో ఉన్నాయి. పెద్దసారు అన్న ఆ ఒక్క మాట ఆమెతో ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.